ఎనభై లక్షల ఫ్లాట్, ఐదు నగరాలు: రిజిస్ట్రేషన్ ఖర్చు ఎక్కడ ఎంత, ఎందుకు

కేసు

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు. ఇంటి నుంచి చేసుకునే పని కాబట్టి ఏ ఊళ్ళో ఉన్నా ఇబ్బంది లేదు. మొదటి ఇల్లు కొందామని హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు, చెన్నై, పుణెల్లో ఫ్లాట్లు చూశారు. అన్నిచోట్లా ధర 80 లక్షలకు అటూఇటూగా ఉంది. చేతిలో 23 లక్షలున్నాయి, మిగతాది బ్యాంకు లోను. "రిజిస్ట్రేషన్ ఖర్చు ఏ ఊళ్ళో తక్కువ పడుతుంది?" అన్నది వాళ్ళు మమ్మల్ని అడిగిన ప్రశ్న.

లెక్క తేలిగ్గా అర్థమయ్యేందుకు ధరలను గుండ్రంగా తీసుకున్నాం. శాతాలు మాత్రం 2025 చివరికి అమల్లో ఉన్న అసలు రేట్లే.

ముందు బ్యాంకు సంగతి చూడాలి, ఎందుకంటే చాలామంది లెక్క తప్పేది అక్కడే. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల నుంచి 75 లక్షల వరకు ఉండే గృహ రుణం ఇంటి విలువలో 80 శాతం మించకూడదు. ఆ విలువలో స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలపరు. 80 లక్షల ఫ్లాట్‌కు లోను గరిష్ఠంగా 64 లక్షలు. సొంతంగా 16 లక్షలు పెట్టుకోవాలి, రిజిస్ట్రేషన్ మొత్తం కూడా జేబులోంచే రావాలి. అది 6 లక్షలైతే చేతిలో ఉండాల్సింది 22 లక్షలు. ధర మీద చూస్తే ఏడున్నర శాతంగా కనిపించే ఖర్చు, సొంత డబ్బులో నాలుగో వంతుకు మించిపోతుంది. 23 లక్షలతో బయల్దేరినవాళ్ళకు మిగిలేది ఒక్క లక్ష. అందుకే ఇక్కడ ప్రతి వెయ్యి రూపాయలూ లెక్కలోకి తీసుకోవాల్సిందే.

రాష్ట్రానికో రేటు ఎందుకు

సేల్ డీడ్ (అమ్మకపు దస్తావేజు) మీద స్టాంప్ డ్యూటీ రేటు నిర్ణయించే అధికారం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా, 63వ అంశం కింద రాష్ట్రాలది. చాలా రాష్ట్రాలు 1899 నాటి భారత స్టాంపుల చట్టాన్నే తమ సవరణలతో వాడుకుంటున్నాయి. కర్ణాటకకు 1957లో, మహారాష్ట్రకు 1958లో సొంత చట్టాలొచ్చాయి. రిజిస్ట్రేషన్‌కు మాత్రం దేశమంతటా 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే, కానీ ఫీజు పట్టిక ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే.

కాబట్టి "రిజిస్ట్రేషన్ ఖర్చు" అని మనం ఒక్కమాటలో అనేది నిజానికి మూడు నాలుగు పద్దుల మొత్తం. స్టాంప్ డ్యూటీ రాష్ట్ర ఖజానాకు వెళ్తుంది. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ మున్సిపాలిటీ, పంచాయతీల వంటి స్థానిక సంస్థల కోసం వసూలు చేసేది. రిజిస్ట్రేషన్ ఫీజు దస్తావేజును నమోదు చేసినందుకు. కొన్నిచోట్ల వీటిపైన సెస్సు, సర్‌చార్జి ఉంటాయి. ఇంకో ఊరితో పోల్చేటప్పుడు అక్కడివాళ్ళు చెప్పే శాతంలో ఏయే పద్దులు కలిశాయో అడగకపోతే పోలికకు అర్థమే ఉండదు. బెంగళూరులో స్టాంప్ డ్యూటీ అయిదు శాతమే అని విని సంబరపడేవాళ్ళు మిగతా మూడు పద్దులను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళేదాకా చూడరు.

80 లక్షల మీద ఊరూరి లెక్క

ఇక్కడ ఒప్పుకున్న ధర ప్రభుత్వ విలువ (ఆ ప్రాంతానికి ప్రభుత్వం ప్రకటించే కనీస విలువ) కంటే ఎక్కువ అనుకుని, దస్తావేజులో 80 లక్షలు రాసి లెక్క కట్టాం.

హైదరాబాద్‌లో స్టాంప్ డ్యూటీ 5.5 శాతం, అంటే 4,40,000. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, 1,20,000. రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం, 40,000. మొత్తం 6,00,000.

విజయవాడలో స్టాంప్ డ్యూటీ 5 శాతం, 4,00,000. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, 1,20,000. రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, 80,000. పద్దులు వేరైనా చివరికి తేలేది అదే 6,00,000.

బెంగళూరులో స్టాంప్ డ్యూటీ 5 శాతం, 4,00,000. ఆ డ్యూటీ మీద 10 శాతం సెస్సు 40,000, 2 శాతం సర్‌చార్జి 8,000. ఈ రెండూ ఇంటి ధర మీద కాకుండా డ్యూటీ మీద లెక్కించేవి. రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, 1,60,000. మొత్తం 6,08,000. ఈ ఫీజు 2025 ఆగస్టు 31కి ముందు 1 శాతమే. అంతకుముందు రోజు వరకు ఇదే ఫ్లాట్ 5,28,000కు అయిపోయేది.

చెన్నైలో బిల్డర్ దగ్గర మొదటిసారి కొనే కొత్త ఫ్లాట్‌కు 50 లక్షల నుంచి 3 కోట్ల వరకు స్టాంప్ డ్యూటీ 5 శాతం, ఫీజు 2 శాతం. 4,00,000కు 1,60,000 కలిపితే 5,60,000. ఇదే ధరకు పాత ఫ్లాట్ కొంటే డ్యూటీ 7 శాతానికి చేరుతుంది. ఫీజుతో కలిపి 9 శాతం, 7,20,000.

పుణెలో స్టాంప్ డ్యూటీ, స్థానిక సంస్థల వాటా, మెట్రో సెస్సు కలిపి 7 శాతం, 5,60,000. రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతమే అయినా 30,000 దగ్గర ఆగిపోతుంది. మొత్తం 5,90,000. మహారాష్ట్రలో ఈ గరిష్ఠ పరిమితి పెద్ద ఊరట. ధర ఎంత పెరిగినా ఫీజు 30,000 దాటదు.

పోలిక కోసం కేరళనూ చూద్దాం. అక్కడ డ్యూటీ 8, ఫీజు 2, వెరసి 10 శాతం. 80 లక్షలకు 8 లక్షలు.

కొత్త ఫ్లాట్ల వరకే చూస్తే ఈ దంపతులు ఎంచుకున్న ఐదు నగరాల మధ్య తేడా 50,000 లోపే. వాళ్ళు ఊహించినంత తేడా ఊరు వల్ల రావడం లేదు. అది ఎక్కడ వస్తుందో ఇప్పుడు చూద్దాం.

ఏ విలువ మీద శాతం?

ప్రతి రాష్ట్రంలోనూ ప్రభుత్వం ప్రాంతాలవారీగా ఒక కనీస విలువను ప్రకటిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో దాన్ని మార్కెట్ విలువ అంటారు, కర్ణాటకలో గైడెన్స్ వాల్యూ, తమిళనాడులో గైడ్‌లైన్ వాల్యూ, మహారాష్ట్రలో రెడీ రెకనర్, కేరళలో ఫెయిర్ వాల్యూ. మీరు ఒప్పుకున్న ధర, ఈ విలువ – రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద డ్యూటీ.

హైదరాబాద్ శివార్లలోని కొత్త ఫ్లాట్లలో ప్రభుత్వ విలువ సాధారణంగా ధర కంటే తక్కువ ఉంటుంది, కాబట్టి అసలు ధర మీదే కడతాం. చిక్కు వచ్చేది పాత పేటల్లో, పాత ఫ్లాట్లకు. ఈ కేసులో విజయవాడ ఫ్లాట్ అలాంటిదే. పాతది, లిఫ్టు లేదు, యజమానికి డబ్బు అవసరం. బేరమాడితే 72 లక్షలకు దిగింది. కానీ ఆ వీధికి ప్రభుత్వ విలువ లెక్కేస్తే 80 లక్షలు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1 నుంచి విలువలను సవరించాక ఇలాంటి సందర్భాలు పెరిగాయి.

72 లక్షలకు కొన్నా 7.5 శాతం 80 లక్షల మీదే పడుతుంది: 6,00,000. అంటే వాళ్ళకు అసలు పడిన రేటు 8.33 శాతం. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఆదాయపు పన్ను భాగం.

ప్రభుత్వ విలువకు, కొన్న ధరకు మధ్య తేడా 50,000, ధరలో 10 శాతం – ఈ రెండింట్లో ఎక్కువదాన్ని దాటితే, ఆ తేడా మొత్తం కొన్నవాళ్ళ ఇతర ఆదాయంగా లెక్కకు వస్తుంది. 72 లక్షల్లో 10 శాతం 7.2 లక్షలు. తేడా 8 లక్షలు. దాటింది. కాబట్టి 0.8 లక్షల మీద కాదు, మొత్తం 8 లక్షల మీద పన్ను. ఫ్లాట్ ఒక్కరి పేరున ఉండి, వాళ్ళు 30 శాతం శ్లాబులో ఉంటే 2,40,000, దానిమీద 4 శాతం సెస్సు 9,600. మొత్తం 2,49,600. బేరంలో మిగిల్చుకున్నదాంట్లో పెద్ద ముక్క ఇలా పోతుంది.

ఇక్కడ చేయాల్సిన లెక్క చిన్నది. ప్రభుత్వ విలువను 1.1తో భాగించండి. 80 లక్షలను భాగిస్తే 72.73 లక్షలు. ఒప్పందం ధర దానికంటే కిందికి వెళ్తే పన్ను పడుతుంది. ఇదే ఫ్లాట్‌ను 73 లక్షలకు కొంటే తేడా 7 లక్షలు, పరిమితి 7.3 లక్షలు, పన్ను సున్నా. చివరి లక్ష రూపాయల బేరానికి రెండున్నర లక్షల పన్ను కట్టినట్టవుతుంది. అమ్మేవాళ్ళకూ ఇలాంటి నిబంధనే ఉంది. ప్రభుత్వ విలువను అమ్మకపు ధరగా తీసుకుని వాళ్ళ మూలధన లాభం లెక్కిస్తారు. అందుకే ఈ లెక్క రెండు పక్షాలూ కలిసి చూసుకోవాలి.

రెండు రక్షణలున్నాయి. ఒకటి, ఒప్పందం రాసుకున్న రోజుకీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య ప్రభుత్వ విలువ పెరిగితే, ఆదాయపు పన్ను కోసం ఒప్పందం నాటి విలువను తీసుకోవచ్చు. షరతేమిటంటే ఆ తేదీ నాటికే కొంత బయానా చెక్కు ద్వారానో, ఆన్‌లైన్ ద్వారానో చెల్లించి ఉండాలి. నగదు బయానా పనికిరాదు. పైగా ఆస్తి లావాదేవీలో 20,000 లేదా అంతకు మించిన బయానాను నగదుగా తీసుకుంటే అంతే మొత్తం జరిమానాగా పడే నిబంధన తీసుకున్నవారికి ఉంది. స్టాంప్ డ్యూటీకి మాత్రం ఈ వెసులుబాటు లేదు, సేల్ డీడ్ నాటి విలువే లెక్క.

రెండోది, ప్రభుత్వ విలువ నిజంగానే ఎక్కువగా ఉందని ఆధారాలుంటే స్టాంపుల చట్టం 47ఏ సెక్షన్ కింద అభ్యంతరం చెప్పవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఆ విచారణకు పంపాలంటే లోటుగా తేల్చిన డ్యూటీలో సగం ముందే జమ చేయాలి. చిన్న తేడాలకు ఇది తిరుగుడుకు తగిన పని కాదు. పది లక్షలకు పైబడి తేడా ఉండి, ఇల్లు శిథిలంగా ఉందనో, దారి సరిగా లేదనో చూపించగలిగితే ఆలోచించవచ్చు.

ప్రభుత్వ విలువ చూసుకోవడంలో తరచూ జరిగే పొరపాటు విస్తీర్ణం దగ్గరే. తెలుగు రాష్ట్రాల్లో ఫ్లాట్లకు చదరపు అడుగు చొప్పున కాంపోజిట్ రేటు (స్థలం, కట్టడం కలిపిన రేటు) ఉంటుంది. దాన్ని కామన్ ఏరియా కలిపిన ప్లింత్ ఏరియాతో గుణిస్తారు. కార్పెట్ ఏరియాతో (గోడల లోపల వాడుకునే విస్తీర్ణంతో) గుణించి చూసుకున్నవాళ్ళకు విలువ బాగా తక్కువ కనిపిస్తుంది. డోర్ నంబరు పక్క బ్లాకుదైనా రేటు మారిపోవచ్చు. లింకు డాక్యుమెంటులో (అదే ఆస్తి పాత దస్తావేజులో) ఉన్న డోర్ నంబరుతోనే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసి, తేదీ కనిపించేలా ప్రింటు తీసి పెట్టుకోవడం మంచిది.

జీఎస్టీ: దేశమంతా ఒకటే, అయినా ఒకటి కాదు

కట్టుబడిలో ఉన్న ఫ్లాట్‌కు 2019 ఏప్రిల్ 1 నుంచి 5 శాతం జీఎస్టీ. 80 లక్షలకు 4,00,000. పూర్తయినట్టు ధ్రువపత్రం (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఓసీ) వచ్చాక కొంటే సున్నా. హైదరాబాద్‌లో ఒకే ధరకు ఉన్న రెండు ఫ్లాట్లలో ఒకదానికి పన్నుల మొత్తం 6 లక్షలు, రెండోదానికి 10 లక్షలు. చేతిలో 23 లక్షలున్న ఈ కుటుంబానికి రెండోది అందదు. జీఎస్టీని ధరలో కలిపి లోను ఇస్తారో లేదో బ్యాంకును రాతపూర్వకంగా అడిగాకే దాన్ని ఆలోచించాలి.

ఇక్కడ ఒక్క తేదీ చాలా ఖరీదైనది. జీఎస్టీ తప్పాలంటే మీరిచ్చే డబ్బు మొత్తం ధ్రువపత్రం వచ్చాకే చెల్లించి ఉండాలి. "వచ్చే నెలలో ఓసీ వస్తుంది, ఇప్పుడు రెండు లక్షలిచ్చి బ్లాక్ చేసుకోండి" అంటే, ఆ రెండు లక్షలతో మొత్తం ధర పన్ను పరిధిలోకి రావచ్చు. ఓసీ ప్రతి చేతికొచ్చి, అందులో మీ బ్లాకు, మీ అంతస్తు ఉన్నాయని చూశాకే బయానా ఇవ్వండి. కొన్ని ప్రాజెక్టుల్లో కొన్ని బ్లాకులకే ఓసీ వస్తుంది.

చవక ఇళ్ళకు జీఎస్టీ 1 శాతమే, కానీ ఆ నిర్వచనం ఊరిని బట్టి మారుతుంది. ధర 45 లక్షల లోపు ఉండటం అన్నిచోట్లా షరతే. మెట్రో నగరాల్లో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు మించకూడదు, మిగతా ఊళ్ళలో 90 వరకు సరే. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై మెట్రో జాబితాలో ఉన్నాయి. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్ లేవు. 44 లక్షలకు 75 చదరపు మీటర్ల ఫ్లాట్ విజయవాడలో కొంటే జీఎస్టీ 44,000. హైదరాబాద్‌లో అదే ధర, అదే సైజుకు 2,20,000. స్టాంప్ డ్యూటీ శాతం రెండుచోట్లా ఒకటేగా కనిపించినా, చిన్న ఇల్లు కొనేవాళ్ళకు అసలు తేడా ఇక్కడుంది.

45 లక్షల లెక్కలో పార్కింగ్, క్లబ్‌హౌస్ వంటి అదనపు చార్జీలు కూడా కలుస్తాయి. మూల ధర 43.5 లక్షలు, పార్కింగ్ 2 లక్షలు అయితే మొత్తం 45.5 లక్షలు. రేటు 5 శాతానికి వెళ్తుంది, జీఎస్టీ 2,27,500. బిల్డర్ ఇచ్చే ధరల కాగితంలో చివరి వరుస చూడకుండా పై వరుసను నమ్మితే జరిగేది ఇదే.

ఇలాంటి గీతలు డ్యూటీలోనూ ఉన్నాయి. కర్ణాటకలో 20 లక్షలు దాటి 45 లక్షల వరకు ఉన్న కొత్త ఫ్లాట్ల మొదటి అమ్మకానికి డ్యూటీ 3 శాతం, దాటితే 5. సెస్సులు పక్కనపెడితే 45 లక్షలకు 1,35,000, 46 లక్షలకు 2,30,000. చెన్నైలో కొత్త ఫ్లాట్‌కు గీత 50 లక్షల దగ్గర: దాని లోపల 4 శాతం, పైన 5. గీత దాటగానే కొత్త రేటు అదనపు భాగానికే కాదు, మొత్తానికీ పడుతుంది.

ఎవరి పేరున

మహారాష్ట్రలో ఇల్లు పూర్తిగా మహిళ పేరునే కొంటే డ్యూటీలో 1 శాతం తగ్గింపు. పుణె ఫ్లాట్‌కు అది 80,000, ఖర్చు 5,90,000 నుంచి 5,10,000కు దిగుతుంది. ఢిల్లీ, హర్యానాల్లో మహిళలకు తగ్గింపు 2 శాతం. ఈ కేసులో లెక్కించిన హైదరాబాద్, విజయవాడ రేట్లలో పేరును బట్టి తేడా లేదు.

పుణె తగ్గింపు భార్యాభర్తల ఉమ్మడి పేరుకు రాదు. భార్య ఒక్కరి పేరున కొంటే, భర్త లోనులో సహ రుణగ్రహీతగా ఉండి నెలనెలా కంతు కట్టినా, యాజమాన్యంలో వాటా లేదు కాబట్టి వడ్డీ మీద పన్ను మినహాయింపు తీసుకోలేరు. పాత పన్ను విధానంలో ఉన్న ఇద్దరు ఉద్యోగులు సొంతంగా ఉండే ఇంటికి చెరో 2 లక్షల వరకు వడ్డీ మినహాయింపు పొందే అవకాశాన్ని 80,000 కోసం వదులుకోవడం చాలా సందర్భాల్లో నష్టం. ఇద్దరూ కొత్త విధానంలో ఉంటే ఆ నష్టం లేదు, తగ్గింపు తీసుకోవడమే మేలు. ఈ దంపతులిద్దరూ పాత విధానంలోనే ఉన్నారు.

పాత విధానంలోనే ఇంకొకటి. ఇంటి స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టిన ఏడాదిలో పొదుపులకిచ్చే పన్ను మినహాయింపు (2026 మార్చి వరకు 80సీ సెక్షన్) కింద 1.5 లక్షల పరిమితిలో చూపించవచ్చు. ఉమ్మడి యజమానులు తాము కట్టిన మేరకు విడివిడిగా చూపించుకోవచ్చు. పీఎఫ్, బీమాతో ఆ పరిమితి ఇప్పటికే నిండితే ఏమీ మిగలదు. మార్చి 30న రిజిస్ట్రేషన్ పెట్టుకునే ముందు ఏ ఏడాదిలో ఖాళీ ఉందో చూసుకోవాలి.

రోజు ముందూ వెనకా

తెలంగాణలో 2021 జూలై 22న మొత్తం రేటు 6 నుంచి 7.5 శాతానికి పెరిగింది, అదే రోజు మార్కెట్ విలువలూ పెరిగాయి. 2022 ఫిబ్రవరి 1న విలువలు మళ్ళీ పెరిగాయి. తమిళనాడులో 2023 ఏప్రిల్‌లో ఫీజును 4 నుంచి 2 శాతానికి తగ్గిస్తూనే గైడ్‌లైన్ విలువలను పెంచారు. శాతం తగ్గిందన్న వార్త చదివి ఖర్చు తగ్గిందనుకుంటే పొరపాటు, విలువ ఏమైందో కూడా చూడాలి. మహారాష్ట్ర 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు స్టాంప్ డ్యూటీని 3 శాతం తగ్గించి, తర్వాత దశలవారీగా పాత రేటుకు తెచ్చింది.

ఒప్పందం రాసుకున్నాక మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అనుకుంటే, పెరుగుదల ఎవరి నెత్తిన పడుతుందో ఒప్పందంలోనే రాసుకోవాలి. అమ్మేవాళ్ళ వల్ల ఆలస్యమైతే అదనపు డ్యూటీ వాళ్ళదేనని ఒక్క వాక్యం చాలు. సంతకాలైన సేల్ డీడ్‌ను నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. దాటితే మరో నాలుగు నెలల వరకు జరిమానాతో అవకాశం ఉంటుంది, ఆ జరిమానా ఫీజుకు పది రెట్ల వరకు ఉండవచ్చు.

బెంగళూరులో కొనేవాళ్ళకు ఈ-ఖాతా (నగర పాలక సంస్థ ఇచ్చే ఆన్‌లైన్ ఆస్తి రికార్డు) లేకుండా రిజిస్ట్రేషన్ కాదు. స్టాంప్ డ్యూటీ కట్టేముందే అమ్మేవాళ్ళ పేరున ఈ-ఖాతా ఉందని, అందులో విస్తీర్ణం దస్తావేజుతో సరిపోయిందని చూడాలి. ఈ-ఖాతా రాక ఆగిపోయిన రిజిస్ట్రేషన్లలో వడ్డీ, అద్దె రెండూ నడుస్తూ ఉంటాయి.

ధర 50 లక్షలు లేదా అంతకు మించితే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ళ ఆదాయపు పన్ను కింద ముందే పట్టే మొత్తం) కొనేవాళ్ళే మినహాయించి కట్టాలి. 80 లక్షలకు 80,000. ఇది అదనపు ఖర్చు కాదు, అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచే తీసేది. మినహాయించిన నెల ముగిసిన 30 రోజుల్లో ఆదాయపు పన్ను శాఖ ఆన్‌లైన్ ఫారంతో జమ చేయాలి. ప్రభుత్వ విలువ ధర కంటే ఎక్కువైతే ఆ 1 శాతం ప్రభుత్వ విలువ మీదే. విజయవాడ ఫ్లాట్‌కు ధర 72 లక్షలైనా టీడీఎస్ 80,000 ఇందుకే. బ్యాంకు నేరుగా అమ్మేవాళ్ళకు చెక్కు ఇస్తుంది కాబట్టి, ఈ మొత్తాన్ని సొంత వాటాలోంచి మినహాయించుకుంటామని ముందే చెప్పి పెట్టాలి. లేకపోతే పూర్తి డబ్బు అమ్మేవాళ్ళకు చేరిపోయి, టీడీఎస్ మన జేబులోంచి కట్టాల్సి వస్తుంది.

ఏం తేలింది

కట్టుబడిలో ఉన్నవన్నీ 4 లక్షల జీఎస్టీ వల్ల పక్కకు వెళ్ళాయి. చెన్నైలో చూసిన రెండింట్లో పాతది 1,60,000 అదనంతో తప్పుకుంది, కొత్తదానికి ఓసీ ఇంకా రాలేదు. విజయవాడ ఫ్లాట్‌ను 73 లక్షలకు కొనే లెక్క వేశాం: లోను 58.4 లక్షలు, సొంత వాటా 14.6, రిజిస్ట్రేషన్ 6, మొత్తం చేతి డబ్బు 20.6 లక్షలు. ఆదాయపు పన్ను భారం లేదు. కానీ 7.5 శాతం 80 లక్షల మీద కడుతున్నందున ధరలో 8.22 శాతం రిజిస్ట్రేషన్‌కే పోతుంది, పైగా పాత ఇంటి మరమ్మతులున్నాయి. హైదరాబాద్‌లో ఓసీ వచ్చిన ఫ్లాట్‌కు చేతి డబ్బు 22 లక్షలు. ఇద్దరి పేరునా హైదరాబాద్‌దే తీసుకున్నారు.

మిగిలిన లక్షలోంచి డాక్యుమెంట్ రైటర్ ఫీజు, లోనుకు తనఖా పెట్టే దస్తావేజు మీద డ్యూటీ, బ్యాంకు లీగల్, వాల్యుయేషన్ చార్జీలు, మ్యుటేషన్ (రికార్డుల్లో యజమాని పేరు మార్పు) రుసుము వెళ్తాయి. తనఖా దస్తావేజు డ్యూటీ కూడా రాష్ట్రానికో తీరు, కాబట్టి బ్యాంకు ఇచ్చే మొదటి అంచనా కాగితంలోనే ఆ వరుస ఉందో లేదో చూడాలి. చలానాలో కొనేవాళ్ళ పేర్లు, ఆస్తి వివరాలు దస్తావేజులో ఉన్నట్టే నింపాలి. పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా స్లాటు రోజున కౌంటర్ దగ్గర ఆగిపోతారు. డ్యూటీ కట్టాక బేరం చెడిపోతే, వాడని స్టాంపు మొత్తాన్ని ఆరు నెలల్లోపు దరఖాస్తు చేసి వెనక్కి తీసుకోవచ్చు. రూపాయికి పది పైసలు కోస్తారు. 4,40,000 స్టాంప్ డ్యూటీ అయితే 44,000 పోతాయి. అందుకే చలానాను స్లాటుకు ఒకటి రెండు రోజుల ముందు, ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) మరోసారి తాజాగా తీసి చూశాకే కట్టించాం.